మైరాలో దొడ్డిదారి

కొండదారి మలుపులో కారుకు బ్రేకులు పడలేదు. నడుపుతున్న ప్రోగ్రామర్ ఆసుపత్రికి చేరకముందే పోయాడు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. బ్రేకు గొట్టాన్ని ఎవరో కోశారని కారు విప్పి చూసిన మెకానిక్ మాత్రం చెప్పాడు.

పోయినవాడు ఏజెంటు నత్తకు స్వయానా బావమరిది.

ఏ పనికీ తొందరపడడని గూఢచారి డిపార్టుమెంటులో అతనికా పేరు పెట్టారు. మారువేషాలు వేసీ వేసీ, అద్దంలో సొంత ముఖం కనిపిస్తే ఇదెవరిదా అని ఆలోచించే స్థితికి వచ్చాడు. అంత్యక్రియలు అయ్యీ కాకముందే చీఫ్ నుంచి పిలుపొచ్చింది.

"సెలవు అడక్కు. రేపు కరెంటు గ్రిడ్ సాఫ్ట్‌వేర్ మొత్తం మైరా అనే కొత్త ప్రోగ్రామింగ్ భాషలోకి మారుతోంది. కంపెనీ విదేశీది. మంత్రిగారు స్టేజీ మీద బటన్ నొక్కుతారు."

"మైరా ఓపెన్ భాష అంటున్నారుగా సార్. సోర్సు కోడంతా నెట్‌లోనే ఉంది."

"ఉంది. వంటింటి తలుపులు బార్లా తీసిపెట్టి, వంట మాత్రం పక్కింట్లో వండి తెస్తున్నారు."

నత్తకు ఆ గోల కొత్త కాదు. బావమరిది భోజనాల దగ్గర కూడా ఇదే చెప్పేవాడు. "మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్, బావా. పాత భాషల్లో ఒక్కోదానికి ఎందరో తలా ఒకటి రాశారు. వాళ్లలో వాళ్లకే పడదు. ఒకడు దొంగపని చేస్తే ఇంకొకడు పట్టేస్తాడు. మైరాకి ఉన్నది ఒక్కటే. అదీ కంపెనీ తయారుచేసి ఇచ్చిందే వాడాలి. పైకి చూపించే సోర్సు కడిగిన ముత్యం. కంపైలర్ కడుపులో దొడ్డిదారి ఉంటే మాత్రం, అది తయారుచేసే ప్రతి ప్రోగ్రాములోకీ దూరుతుంది." అందుకే మైరాకు రెండో కంపైలర్ రాశాడు. అది పూర్తయ్యాకే బ్రేకులు పోయాయి.

"మీ బావమరిది రాసినదాని కాపీ మన డబుల్ ఏజెంటు దగ్గరుంది," అన్నాడు చీఫ్. "మైరా కంపెనీలో ప్రచారం పనులు చూసే ఆవిడ. తీసుకుని పరీక్ష చెయ్యి."

"మా ఆవిడ ఇంకా ముద్ద ముట్టలేదు సార్. పుట్టెడు దుఃఖంలో ఉంది."

"తెలుసయ్యా. కానీ వేరేవాడైతే మధ్యలో వదిలేస్తాడు."

మర్నాడు నత్త ఏసీ మెకానిక్ వేషంలో సభ జరిగే భవనంలోకి వెళ్లాడు. స్టేజీ వెనక ఎర్ర పట్టు గౌనులో ఆమె ఎదురైంది.

"ఏసీ ఎక్కువైందా మేడమ్?"

"చలి నాకు అలవాటే. వేడే పడదు."

గుర్తు మాటలు సరిపోయాయి. లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన పెన్‌డ్రైవ్ అతని టూల్ బాక్సులోకి జారింది. అయినా ఆమె కదలలేదు.

"ఇది రాసినాయన సంగతి కంపెనీవాళ్లకు చెప్పింది నేనే," అంది గొంతు తగ్గించి. "రెండు పక్కలా నమ్మకం నిలబెట్టుకోవాలి కదా. బెదిరిస్తారనుకున్నా. చంపుతారనుకోలేదు."

నత్తకు కోపం రావాలి. దానిక్కూడా ఓపిక ఉండాలిగా.

"ఆయన మా ఆవిడ తమ్ముడు," అన్నాడు.

ఆమె ముఖంలో మేకప్ తప్ప రంగు మిగల్లేదు.

సర్వర్ రూములో నత్త నేలమీద చతికిలపడి లాప్‌టాప్ తీశాడు. బావమరిది కంపైలర్‌తో మైరా కంపైలర్ సోర్సును కంపైల్ చేశాడు. అలా వచ్చినదానితో అదే సోర్సును మళ్లీ కంపైల్ చేశాడు. కంపెనీ నిజాయితీగా ఉంటే, వాళ్లిచ్చిన కంపైలర్‌తో ఇది పొల్లు పోకుండా సరిపోవాలి.

సరిపోలేదు. సోర్సులో ఎక్కడా లేని ముక్క ఒకటి కంపెనీ కంపైలర్‌లో ఉంది. అదే దొడ్డిదారి. బయటినుంచి ఎవడో మీట నొక్కితే ఆసుపత్రులతో సహా ఊళ్లకు ఊళ్లు ఆరిపోతాయి.

పెన్‌డ్రైవ్‌తో చెయ్యాల్సిన ఇంకో చిన్న పని ముగించి, ఆ ముక్కను సభకంతటికీ చూపించడానికి స్టేజీ మీది పెద్ద తెర వైరును లాప్‌టాప్‌కు తగిలించాడు. మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"చేతులెత్తు," అన్నాడు కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్, వైరు పీకేస్తూ.

గోడమీది మానిటర్‌లో మంత్రి వేలు బటన్ మీదికి వెళ్తోంది. పక్కన ఎర్ర గౌను. ఆమె నవ్వితే చాలు, పని అయిపోతుంది. ఆమె మైకు అందుకుంది.

"ఆగండి సార్! నొక్కొద్దు. ఇందులో దొడ్డిదారి ఉంది. పెట్టింది మా కంపెనీయే. కనిపెట్టినవాణ్ణి చంపించారు. అతన్ని పట్టిచ్చింది నేను."

మంత్రి నిప్పు తొక్కినట్టు వెనక్కి దూకాడు. సెక్యూరిటీ ఆఫీసర్ మానిటర్ వైపు నోరు తెరుచుకుని చూసిన క్షణంలో, నత్త అతని మోకాలి మీద పెద్ద పానాతో ఒకటి వేశాడు.

పోలీసులు ఆమెను తీసుకెళ్తుంటే ఆమె నత్త వైపు ఒకసారి చూసింది. అతను తల ఊపలేదు. తిప్పుకోనూ లేదు. భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమండీ?"

"తమ్ముడు చెప్పిందే నిజమైంది."

అవతల చాలాసేపు ఏడుపు. విన్నాడు.

సాయంత్రం చీఫ్ చేయి చాపాడు. "ఆ కంపైలర్ ఇలా ఇవ్వు. ఇకనుంచి అది టాప్ సీక్రెట్. లాకర్లో పెట్టిస్తా."

"ఆలస్యమైంది సార్," అన్నాడు నత్త కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటూ. "సర్వర్ రూములోంచే నెట్‌లో పెట్టేశాను. ఓపెన్ భాష అని కంపెనీ అంత ప్రచారం చేసుకుంది. పాపం, వాళ్ల మాట పోకూడదు కదా!"