ఆరు రోజుల ఉప్పునీళ్లు

కోరుట్లలో కళ్లద్దాల షాపు నడిపే నరేందర్ ఆ ఆదివారం సిరిసిల్లకు పోట్లాడటానికే వచ్చాడు. సౌమ్య అక్వేరియం చేపల షాపులో ముందురోజు కొన్న ఎనిమిది నల్ల మాలీ చేపలూ తెల్లవారేసరికి చచ్చి తేలాయి మరి.

"అమ్మితే మంచియి అమ్మాలె గని, సగం సచ్చినయి అంటగట్టుడేంది?"

సౌమ్య చేపలకు మేత వేస్తూనే అడిగింది. "ఏ నీళ్లల్ల ఏసినవన్నా?"

"మా కళ్లద్దాల షాపుల ఉప్పునీళ్ల ట్యాంకున్నది. పగడాలు పెట్టిన. వాటికి నాచు పట్టింది. మాలీలు నాచు తింటయి, ఉప్పునీళ్లల్ల గూడ బతుకుతయని వీడియోల చూసిన. కవరును అరగంట నీళ్లమీద తేలనిచ్చి వదిలిన."

"బోరునీళ్లల్ల పెరిగినదాన్ని ఒక్కసారే సముద్రంల ముంచినవన్నట్టు. ఊరందరికి అద్దాలిస్తవు గని నీకే కనవడదాయె."

నరేందర్ దారంతా కూడగట్టుకొచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది.

"మంచినీళ్లల్ల చేప నీళ్లు తాగదన్నా. ఒంట్లకొచ్చిన నీళ్లను బయటికి పంపుతది. ఉప్పునీళ్లల్ల తాగుడు నేర్వాలె. గది ఒక్క పూటల అస్తదా?" అంది సౌమ్య. "ఇంకో ఎనిమిది నా దగ్గర్నే తయారు చేస్త. ఆరు రోజులు నీ ట్యాంకు నీళ్లు క్యాన్ల తే."

"రోజు కోరుట్ల నుంచా?"

"నీ పగడాలు బతుకొద్దా?"

మర్నాటి నుంచి బైకు మీద ఉప్పునీళ్ల క్యాను పెట్టుకొని రుద్రంగి, వేములవాడ దాటి వచ్చేవాడు నరేందర్. సౌమ్య క్యానును ఎత్తున పెట్టి, మెడికల్ షాపులో తెచ్చిన సెలైన్ పైపు తగిలించి, చేపల టబ్బులోకి చుక్క చుక్కగా వదిలేది. ఇంటి వెనక ఆమె నాన్న రాజనర్సు సాంచెలు టకటకమని బట్ట నేస్తుంటే, ఆమె మాత్రం కదలకుండా కూర్చునేది. ఒక్క చేప రెక్కలు ముడుచుకొని మూలకు చేరినా చాలు, చుక్కలు ఆపేసేది.

"ఏమైంది?" అనేవాడు నరేందర్.

"దానికి కష్టమైతున్నది. జరసేపాగుదాం."

రోజూ ఎందరి కళ్లనో పరీక్షించే నరేందర్ ఇంత శ్రద్ధగా చూసే కళ్లు ఎక్కడా చూడలేదు. మూడో రోజుకు ఆమె మాటల్లో 'అన్నా' మాయమైంది. ఆ సాయంత్రం వాన కుమ్మేసినా అతను తడుస్తూ, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

నాలుగో రోజు రాజనర్సు చాయ్ ఇస్తూ మామూలుగా చెప్పాడు. "ఆదివారం జగిత్యాలోళ్లు మా బిడ్డను చూసెతందుకు వస్తున్నరు."

నరేందర్ నాలుక కాలింది. సౌమ్య ఉప్పు కొలిచే మీటరు వైపే చూస్తోంది. ఆదివారంలోగా చెప్పకపోతే ఈ పిల్ల తనకు దక్కదు. ఐదో రోజు బైకు మీద నాలుగు మాటలు కూర్చుకున్నాడు, షాపు ముందు దిగగానే నాలుగూ మరిచిపోయాడు.

శనివారం టబ్బులో ఉప్పు ట్యాంకుతో సమానమైంది. ఎనిమిది చేపలూ హుషారుగా ఈదుతున్నాయి. సౌమ్య వాటిని కవర్లో కట్టి చేతికిచ్చింది.

"పోతున్న మరి," అన్నాడు నరేందర్. కాలు కదల్లేదు.

"పో," అంది. ఆమె కూడా కదల్లేదు.

గుమ్మంలో నిలబడ్డ రాజనర్సుకు ఇక ఓపిక లేకపోయింది. కౌంటర్ కింది నుంచి ఒక బకెట్ బయటికి లాగాడు.

"గిది సముద్రం ఉప్పు బాబూ. నీళ్లల్ల కలిపితె ఉప్పునీళ్లు ఈడ్నే తయారైతుండె. నిన్ను గంత దూరం నుంచి ఆరు రోజులు ఎందుకు తిప్పిందో అడుగు."

నరేందర్ సౌమ్య వైపు తిరిగాడు. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఎందుకు?"

"మొదలు నీ కోపానికి. తర్వాత... నువ్వచ్చేదాక పొద్దు పోకపాయె."

"నాకు గూడ గంతే సౌమ్యా. నిన్ను చేసుకుంట," అనేశాడు. కూర్చుకున్న మాటల్లో ఇది లేనే లేదు.

"జగిత్యాలోళ్లను రావద్దని పొద్దుగాల్నే చెప్పిన," అన్నాడు రాజనర్సు. "రేపు మీ అమ్మానాయినను తోలుకరా."

నరేందర్ అక్కడే ఫోన్ తీశాడు. "అమ్మా, రేపు సిరిసిల్ల పోదాం. పిల్లను చూసెతందుకు."

"ఇంకా చూసుడేంది?" వెనక నుంచి సౌమ్య అంది. "వారం సంది చేపలను ఇడిసిపెట్టి నన్నే చూస్తున్నవు గద."