లేత నీలం

"ఇది చచ్చిందా?"

మైక్రోస్కోపులోంచి తలెత్తకుండానే అడిగిందామె. ఆ స్లైడు మీద చచ్చిన కేన్సర్ కణాలెన్నో లెక్కపెట్టింది అతనే.

"చచ్చింది. నీలంగా లేదూ?"

"లేత నీలం. నిన్న మా సీనియర్ స్లైడులో ఇలాంటివే బతికున్నాయన్నారు మీరే. నా మందు దగ్గరికొచ్చేసరికి చచ్చాయా?"

మందు పోశాక కణాలకి నీలం రంగు కలుపుతారు. బతికున్న కణం రంగుని గడప దాటనివ్వదు. చచ్చినదానికి కాదనే ఓపిక ఉండదు. లెక్కపెట్టేవాడికి ఏది ఎవరి మందో తెలియకూడదని, ఎవరి స్లైడు మీద వాళ్ళు అంకె మాత్రం వేసి ఇస్తారు. చచ్చినవి ఎక్కువుంటేనే ఆమె మందు ముందుకెళ్తుంది. లేదంటే ఇన్నాళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

"మళ్ళీ చూస్తాను," అన్నాడతను.

చూశాడు. లేత నీలం కణమొకటి ఎదురైంది. బతికుందంటే మనసు ఒప్పుకోలేదు. అతనికి కుతూహలం కలిగింది, కణం మీద కాదు, మనసు మీద. మొదటిసారి లెక్కపెట్టినప్పుడే ఇది ఆమెదని నీకెవరు చెప్పారు? అని దాన్నే నిలదీశాడు.

స్లైడు మీద ఏడు. నడుముకి అడ్డగీత ఉన్న ఏడు. ఆ ల్యాబులో అలా రాసేది ఆమె ఒక్కతే.

లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నా లెక్కలన్నీ కొట్టెయ్యండి. వేరేవాళ్ళ చేత చూపించండి."

"ఏం, చూపు ఆనట్లేదా?"

"బాగానే ఆనుతోంది. మీ చేతిరాత కూడా తెలిసిపోతోంది."

"తెలిస్తే?"

"మీరు గెలవాలనిపిస్తోంది. చావనివాటిని కూడా చంపేస్తున్నాను."

ఆమె నవ్వబోయి ఆగింది. "మా సీనియర్ గెలవాలని అనిపించలేదా?"

"ఆయన ఏడు ఎలా రాస్తాడో కూడా నాకు తెలీదు."

మర్నాడు ల్యాబు నడిపే పెద్ద మేడమ్ స్వయంగా లెక్కపెట్టింది. మందు చంపింది తక్కువే. మోతాదు మార్చి మొదట్నుంచీ మొదలెట్టాలి.

సాయంత్రం వాన. వరండాలో తగ్గేదాకా నిలబడ్డ అతని పక్కకి వచ్చిందామె.

"పోయింది. మీ లెక్కే ఉంచుకునుంటే గట్టెక్కేదాన్ని."

"కోపంగా ఉందా?"

"ఉండదా మరి! నిజం చెప్పినందుక్కాదు. ఇన్నాళ్ళూ పక్క బల్ల దగ్గరే కూర్చుని, ఆ మాట చెప్పడానికి నా కణాల ప్రాణం తియ్యాలా? నోరు లేదూ?"

"ఉంది. తెరవడమే రాలేదు."

"ఇప్పుడు తెరవండి."

వాన జోరందుకుంది. అతను చెప్పాడు.

"వినపళ్ళేదు," అందామె, మొహం అటు తిప్పుకుని. చెవులు మాత్రం ఎర్రబడిపోయాయి.

అతను మళ్ళీ చెప్పాడు.