గడ్డకట్టిన కొబ్బరినూనె

"ఈ సీసా కిటికీ దగ్గర ఎవరు పెట్టమన్నారే?"

లక్ష్మీకామేశ్వరి కొబ్బరినూనె సీసాను తలకిందులు చేసి చూపించింది. చుక్క రాలలేదు. నూనె సుద్దలా తెల్లగా బిగుసుకుపోయింది.

"బాత్రూంలో జాగా లేదత్తయ్యా."

"నీ క్రీములకి ఉన్నాదేటి జాగా? నా నూనెకే లేదేటి? ఓడెక్కి పూట గడవలేదు, అప్పుడే నా తల ఎండగట్టేస్తున్నావు."

శ్రీనాథ్ రాజాం కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. తల్లికీ భార్యకీ మధ్య మంచం మీద కూర్చుని, లైఫ్ జాకెట్ కట్టుకునే పద్ధతి రాసిన కాగితం శ్రద్ధగా చదువుతున్నాడు. అది నార్వే భాషలో ఉంది.

విశాలి సీసాను హీటర్ పక్కన పెట్టి, శాలువా కప్పుకుంది. "కాస్త గాలి పీల్చుకుని వస్తాను."

కారిడార్ మలుపు తిరగ్గానే ఆమె నడక మారింది. ఇంట్లోవాళ్ళకు తెలిసిన విశాలి పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఢిల్లీలో సీలు వేసిన ఫైల్లో ఆమె పేరు ఏజెంట్ సెవెంటీన్.

పది రోజుల కిందట, 2016 మే మొదటి వారంలో, చీఫ్ దాలయ్య ఆమె ముందు ఒక ఫోటో పెట్టాడు.

"డాక్టర్ అనంతపద్మనాభం. మన శృంగవరపుకోట మనిషే. శత్రువుల సబ్‌మెరైన్లని పసిగట్టే సోనార్ కోడ్ ఈయన బుర్రలోనే ఉన్నాది. కాగితం మీద అక్షరం లేదు. నార్వే ఉత్తరాన ట్రోమ్‌సోలో మీటింగు. ఈయన్ని చంపడానికి ఎయిర్‌పోర్టుల మీద వాల్‌రస్ ముఠా కన్నేసింది. అందుకే బెర్గెన్ నుంచి టూరిస్టులతో కలిపి ఓడలో పంపుతన్నాం."

"ముఠా మనిషి ఓడలో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఎవరు?"

"తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? మన ఏజెంట్ ఒకరు ఓడలోనే కలుస్తారు. రాజాంలో వానపడిందా అని అడుగుతారు. ధాన్యం తడవలేదు అని సెప్పు."

"నా కవర్?"

"కుటుంబంతో ఎల్లు. అత్తగారితో వచ్చిన కోడల్ని గూఢచారి అని ఎవడూ అనుకోడు."

స్నో హెరాన్ ఓడ మంచుకొండల మధ్య నుంచి మెల్లగా ఉత్తరానికి సాగుతోంది. ప్రయాణికులందరూ కొండల్ని చూస్తుంటే విశాలి ప్రయాణికుల్ని చూస్తోంది. ఓడెక్కేటప్పుడు ఫోటోగ్రాఫర్ అందరినీ ఒక్కోసారి తీశాడు, డాక్టర్‌ని మూడుసార్లు తీశాడు. ఎందుకు? లాంజ్‌లో బట్టతల మనిషి పొద్దుట్నుంచీ పేపర్లో అదే పేజీ పట్టుకున్నాడు. చదవడానికా, దాక్కోవడానికా? వెయిటర్ డాక్టర్‌కి అడక్కుండానే సూప్ తెచ్చాడు. ఆ గిన్నె పొరపాటున తగిలినట్టు విశాలి పడగొట్టింది. కెమిస్ట్రీ కిట్‌లో పరీక్షిస్తే అది టమాటా సూపే అని తేలింది.

ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన బొట్టుబిళ్ళ కెమెరా కూడా మోసం చేసింది. డెక్ మీద చలికి జిగురు చచ్చిపోయి, అది కాస్తా సముద్రంలోకి రాలిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, రెయిలింగ్ దగ్గర ఖరీదైన సెంటు వాసన వేసింది. నీలం పట్టుచీర, పైన తెల్లని ఫర్ కోటు. ఇండియన్ గ్రూప్ కోసం కచేరీ చేయడానికి వచ్చిన వీణ ఆర్టిస్ట్ అనూరాధ.

"రాజాంలో వానపడిందా?" అంది కొండల వైపు చూస్తూ.

"ధాన్యం తడవలేదు."

"వెయిటర్ మీద కన్నేసి ఉంచు. డాక్టర్ని నేను చూసుకుంటాను. కుర్రతనంలో వీణ నేర్చుకున్నారట. రేపు కచేరీ చివర్న నా వీణ ఆయన ఒళ్ళో పెట్టి వాయించమంటాను. అందరి కళ్ళూ ఆయన మీదే ఉంటే ఎవడూ చేయి వేయలేడు."

కోడ్ వర్డ్‌లో తప్పు లేదు. ప్లాన్‌లోనూ లేదు. అయినా విశాలికి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మూడో రోజు పదకొండు గంటలకు ఓపెన్ డెక్ మీద కచేరీ. ఎదురుగా నీలంగా మెరుస్తున్న హిమానీనదం. ముందు వరసలో డాక్టర్. అందరి నోళ్ళ నుంచీ ఆవిరి. విశాలి కళ్ళు మాత్రం వెయిటర్ చేతులమీదే.

బొబ్బిలిలో ముప్పై ఏళ్ళు వీణ పాఠాలు చెప్పిన లక్ష్మీకామేశ్వరి పక్కనే కూర్చుని గొణుగుతోంది.

"శృతి నిలవట్లేదు సూడు. నొక్కిన సోటల్లా మెట్టు కుంగిపోతన్నాది."

"ష్! మెల్లగా అత్తయ్యా."

"ఏటి మెల్లగా? పొద్దున్న ఆ వీణకి దణ్ణం పెట్టుకుని ముట్టుకున్నాను. మెట్లు నిలబెట్టిన మైనంలోకి గోరు దిగిపోయింది, వెన్నలాగ! మన బొబ్బిలి మైనం ఇంత చలికి రాయైపోతాది. గట్టిగా తగిల్తే పెచ్చులూడిపోతాది. నా నూనే గడ్డకట్టేసింది కదా, ఈవిడ మైనానికి చలెయ్యదేటి?"

విశాలి చూపు వెయిటర్ చేతుల మీంచి వీణ మెట్ల మీదకి మళ్ళింది.

మైనం కాదు. ఎంత చలికైనా మెత్తగా ఉండే నల్లటి ముద్ద ఒకటి ఆమె ట్రైనింగ్‌లో చూసింది. ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్. ఇరవై నాలుగు మెట్ల పొడుగునా అదే!

చప్పట్లు మోగాయి. అనూరాధ నవ్వుతూ వీణను డాక్టర్ ఒళ్ళో పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ చివరి వరస దాటింది. కుడిచేయి కోటు జేబులోకి వెళ్ళింది.

విశాలి కుర్చీ మీంచి దూకింది. డాక్టర్ ఒళ్ళోంచి వీణను లాక్కుంది. రెండు అంగల్లో రెయిలింగ్ చేరి, బలం కొద్దీ విసిరింది.

"ఒసే! సరస్వతిని నీళ్ళల్లో పారేస్తావేటే!" అని అత్తగారు కేక పెట్టింది.

వీణ నీటిని తాకిన క్షణంలో సముద్రం పేలింది. తాటిచెట్టంత నీటి స్తంభం లేచి డెక్ మీద కుండపోతగా కురిసింది. ఓడ ఊగి, నిలబడింది. డాక్టర్ తడిసిన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. బతికే ఉన్నాడు.

అనూరాధ మెట్లవైపు పరుగెత్తింది. నాలుగు అడుగుల్లో ఆగిపోయింది. ఆమె చీర కొంగు లక్ష్మీకామేశ్వరి పిడికిట్లో ఉంది.

"వీణ మైనం తెలీకుండా వీణ పట్టావేటి? కూసో."

ఓడ సెక్యూరిటీ వచ్చేదాకా ఆ పిడికిలి వదల్లేదు. అనూరాధ జేబులో రిమోట్ దొరికింది, దాంతోపాటు ఢిల్లీ ఆఫీసు నుంచి ఎవరో ముఠాకి అమ్మిన కోడ్ మాటల చీటీ కూడా. వెయిటర్ చాటుగా వచ్చి విశాలికి సెల్యూట్ కొట్టాడు. అసలు తోడు ఏజెంట్ అతనే. కోడ్ చెబుదామని మొదటిరోజు సూప్ వంకతో దగ్గరికొస్తే, ఆ సూప్ తన మీదే పోసిందట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శ్రీనాథ్ భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"పోర్టు ఆఫీసులో ఇవన్నీ నేర్పిస్తారా?" అన్నాడు చివరికి.

విశాలి అతని కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

లక్ష్మీకామేశ్వరి చెంచా బల్లమీద పెట్టింది.

"ఒరే, దాన్నేటీ అడక్కు. నేనొకటి అనుకున్నాను. ఇకమీదట దీనికి ఎక్కడ ఆఫీసు పని పడినా నేనూ వస్తాను."

"అత్తయ్యా, అది కుదరదు. పైవాళ్ళు..."

"మీ పైవాడితో నేను మాట్లాడతాను. అయితే ఒక షరతు." ఆవిడ పెరుగు గిన్నె తన వైపు లాక్కుంది. "నా నూనె సీసా మాత్రం నువ్వు ముట్టుకోకూడదు."