ఊఁ కొట్టిందెవరు

సౌండ్ రికార్డింగ్ నేనెవరి దగ్గరా నేర్చుకోలేదు. నా పని ఒకసారి విన్నవాళ్లకు ఆ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. మేడమీద సామాన్ల గది గోడలకు పాత పరుపులు కొట్టి, స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. కిటికీ కూడా మూసేశాను కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా అందులో కటిక చీకటే. ముక్కిన దూది వాసన, కంప్యూటర్ ఫ్యాను గురక తప్ప ఇంకేమీ ఉండవు.

ఆ మధ్యాహ్నం వదిన నా పక్కనే కూర్చుంది. గొంతులో గడ్డ. మర్నాడే ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆవిడ కూతురేమో అమ్మ కథ చెప్పనిదే నిద్రపోదు. అందుకని వదిన చేత ఒక నక్క కథ చెప్పించి రికార్డు చేశాను.

"నా గొంతు నీకివ్వడం కోతి చేతికి కొబ్బరికాయ ఇవ్వడమే మరిదీ," అంది.

ప్లే చేశాను. వాక్యం అయిన ప్రతిచోటా, తడి గొంతుతో ఎవరో... ఊఁ.

"మధ్యలో నువ్వెందుకు ఊఁ కొట్టావు?"

"నేనా? నేను నీ కథ వింటే కదా."

ఆ ముక్క కత్తిరించాను. మళ్లీ ప్లే చేస్తే మళ్లీ ఊఁ. వైరు మార్చాను. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాను. మైకు అమ్మినవాడి వంశాన్నంతా తలుచుకున్నాను. చివరికి విసుగెత్తి, ఊఁ ఉన్న చోటల్లా ట్రాకును ముక్కలుగా కోసి, మధ్యలో వట్టి నిశ్శబ్దం అతికించాను.

"అనగనగా ఒక నక్క ఉండేది," అంది స్పీకర్లో వదిన.

అంతే. ఆగిపోయింది. స్క్రీన్ మీద ఆవిడ మాటల అలలు కనిపిస్తూనే ఉన్నాయి. ప్లే అవుతున్న చోటు చూపించే గీత వాటి మీదుగా నడుస్తోంది. శబ్దం లేదు.

"చెడగొట్టావు," అంది వదిన. కళ్లలో నీళ్లు తిరిగాయి. గుసగుసగా, "ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఎవరైనా కథెలా చెప్తారు?" అంది.

వేళాకోళానికే అనుకోండి, "ఊఁ," అన్నాను.

"ఆ నక్కకు ఆకలేసింది," అంది స్పీకర్.

కుర్చీ వెనక్కి లాక్కున్నాను. అయినా గొంతు తిరిగొచ్చిందన్న ఆశతో ఊఁ కొడుతూ పోయాను. నక్క గుహ చేరింది, పడుకుంది. కథ అయిపోయింది. అలలూ అయిపోయాయి. గీత ఖాళీలోకి జారింది.

అలవాటులో నోరు జారింది.

"ఊఁ."

"నక్క పక్కన... ఇంకెవరో పడుకున్నారు," అంది స్పీకర్.

వదిన నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి.

"నేనిది చెప్పలేదు మరిదీ..."

మాట ఆవిడ నోట్లోంచి రాలేదు. స్పీకర్లోంచి వచ్చింది.

స్పీకర్ వైరు పీకేశాను. గదంతా నిశ్శబ్దం. వదిన పెదాలు కదులుతున్నాయి... కదులుతూనే ఉన్నాయి. చిన్న శబ్దం కూడా లేదు.

స్క్రీన్ వైపు చూశాను. రికార్డు బటన్ ఎవరూ నొక్కలేదు. అయినా ఆవిడ పెదాలు కదిలినప్పుడల్లా ఖాళీ ట్రాకులో కొత్త అలలు పడుతున్నాయి.

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను అరచేత్తో నోరు గట్టిగా మూసుకున్నాను.

ట్రాకులో చిన్న అల ఒకటి లేచి పడింది.

ఊఁ అంత.