వంతెన ఎక్కని సైకిల్

ఆ ఉదయం కూడా ఇంట్లో మాట సైకిల్ మీదికే పోయింది. కోడలు ఆసుపత్రిలో నర్సు. బస్సులు నమ్ముకుని చాలాసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే రాత్రి డ్యూటీకి వేస్తానని హెడ్ నర్సు చెప్పింది. ఆమె రాత్రులు లేకపోతే పాప నిద్రపోదు. అందుకని కరెంటు సైకిల్ కొనుక్కుంది.

మామగారు రిటైరైన ఫిట్టరు. ఆదివారాలు సైకిళ్ళ మీద ఊరు దాటి వెళ్ళే గుంపుకి పెద్ద. మోటారున్న సైకిళ్ళని తమతో రానివ్వాలా అని అక్కడ కొన్నాళ్ళుగా వాదన. ఈయన ససేమిరా అంటాడు.

"తొక్కితే సైకిల్. నడిపితే బండి. నువ్వు నడుపుతున్నావు," అన్నాడు కోడలితో.

"ఏదో ఒకటి లెండి మావయ్యా, వేళకి చేరుస్తోంది."

ఆ 'లెండి' ఆయనకి గుచ్చుకుంది. ఆమె పాపకి జడ వేస్తుండగా బయటికి వెళ్ళి, సీటు కింద పెట్టెలోంచి బ్యాటరీ తీసి, మూత పెట్టేశాడు. ఒక్క రోజు నిజంగా తొక్కితే తెలిసొస్తుందనుకున్నాడు. మామూలు సైకిల్‌కి ఆ కరెంటు సైకిల్ రెట్టింపు బరువు. పంతం పట్టినవాడు బరువులు తూచడు.

వీధంతా పల్లమే కాబట్టి ఆమెకి తెలియలేదు. ఆసుపత్రి దారిలో వంతెన ఎక్కబోయేసరికి సైకిల్ మొండికేసింది.

సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. వంతెన పొడుగునా నెట్టుకుంటూ వెళ్ళిందట. రాత్రంతా పనిచేసిన నర్సు ఈమె వచ్చేదాకా ఇంటికి పోలేకపోయిందట. హెడ్ నర్సు ఈ ఒక్కసారికీ వదిలేసిందట.

"బ్యాటరీ మీరే తీశారా?"

"తీశాను. ఓ రోజు తొక్కితే కాళ్ళేమీ అరిగిపోవు."

కొడుకు టీవీ సౌండు తగ్గించాడు. అంతకు మించి ధైర్యం చేయలేదు.

"అరిగిపోతాయి మావయ్యా," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీకు కాళ్ళతో పని దారిలోనే. నాకు వార్డులోకి వెళ్ళాక మొదలవుతుంది. సత్తువ దారిలోనే అయిపోతే అక్కడ దేంతో నిలబడను?"

ఆయన లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. తప్పని ఒప్పుకునే మనిషి కాదు.

తెల్లవారుతుండగా, బ్యాటరీ పెట్టకుండానే, ఆ సైకిల్ తీసుకుని వంతెనకి వెళ్ళాడు. సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. దిగి, నెట్టాడు. గుంపులో తోటివాడు ఎదురొచ్చి పంచరా అని అడిగాడు.

"కాదు. నా చేత కాలేదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు. "ఆ మోటారు వాళ్ళని రానివ్వండి."

తిరిగొచ్చేసరికి కోడలు యూనిఫాంలో గుమ్మం ముందు నిలబడి ఉంది. సైకిల్ కూడా పోయిందనుకుంది కాబోలు, ముఖం పాలిపోయింది. ఆయన లోపలికి వెళ్ళి, బ్యాటరీ తెచ్చి, ఆమె ఎదుటే బిగించాడు.

"తప్పు చేశానమ్మా."

ఫరవాలేదని ఆమె అనలేదు. ఫరవా ఉంది కాబట్టి.

"వెనక చక్రంలో గాలి తగ్గింది. కొట్టండి," అంది.

ఆయన పంపు తెచ్చి గొంతుక్కూర్చుని కొట్టాడు. అయ్యాక లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. ఆమె ఓ క్షణం చూసింది. తర్వాత సంచీ కింద పెట్టి చెయ్యి అందించింది.

ఆయన కళ్ళు తడిశాయి. ఆలస్యమవుతుంది వెళ్ళమన్నాడు. ఆయన నిలదొక్కుకునేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.