ఘాటు రాని మిరపకాయలు

మిట్టమధ్యాహ్నం పన్నెండు!

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని చెప్పినవాళ్ళెవరో గానీ, వాళ్ళు మే నెలలో రెంటచింతల చూసి ఉండరు. ఆ వేళప్పుడు వీధిలో కుక్క కూడా కాలు పెట్టదు. నిప్పులు చెరిగే ఆ ప్రచండ మార్తాండుడి కింద... మాచర్ల బస్సు దిగి, నల్లటి గుడ్డసంచీ చంకన పెట్టుకుని ఒకడు నడిచొస్తున్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు! కాలుతున్న స్పృహా లేదు!

వాడి పేరు శివరామయ్య. ఊరు వెల్దుర్తి. కలంపేరు కపాలానంద. క్షుద్ర నవలలు రాస్తాడు... కాదు, నవలల పేరుతో క్షుద్రమే చేస్తాడు! చదివిన ప్రతివాడి భయమూ అక్షరాల వెంట జారి, వాడి సంచీలోని కపాలంలోకి ఇంకుతుంది. వెయ్యిమంది భయం నిండితే వాడికి మహాసిద్ధి! తొమ్మిదివందల తొంభైతొమ్మిది నిండాయి. వెయ్యో పాఠకురాలు వాసంతి.

వాసంతి మిరప రైతు ఇల్లాలు. చదివినదాని గురించి ఉన్నదున్నట్టు రాసి, ఫోన్లో పాఠకుల గ్రూపులో పెట్టడం ఆవిడకున్న ఒకే ఒక్క జబ్బు. నిన్న పెట్టింది ఇదీ:

"ఈ నెల రెండు చదివాను. మాయలమారి దీవి కథ బాగుంది, అందులో రాక్షసుడికి కూడా దిగులుంది. కపాలానంద గారి కొత్త నవల మొదటి నలభై పేజీలు పర్లేదు. ఆ తర్వాత పేజీకో గుడ్లగూబ, పేరాకో పిడుగు. హీరోయిన్‌కి కేకలు పెట్టడం తప్ప వేరే పని లేదు. నాకు భయం వెయ్యలేదు, ఆవులింత వచ్చింది."

అంతే! అక్కడ వెల్దుర్తిలో కపాలం నడినెత్తిన బీటవారింది!

శివరామయ్య ఆవిడ గడప దాటేసరికి వాసంతి తన కూతురు దీపశ్రీకి తలంటి, తడిజుట్టుకు సాంబ్రాణి పొగ పడుతోంది. వాడి పెదాలు కదిలాయి... పద్దెనిమిదేళ్ళ పిల్ల కుంపటి పక్కనే విరుచుకుపడింది! కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి! ఆ లేతగొంతులోంచి... మగగొంతు!

"ఆవులింతా?! భయపడ్డానని ఒప్పుకో! పొద్దు వాలేలోపు ఒప్పుకోకపోతే దీని ఊపిరి నాది!"

"ఎవరయ్యా నువ్వు? నా బిడ్డనేం చేశావురా!" వాసంతి కెవ్వుమంది.

శివరామయ్య సంచీలోంచి కపాలం తీసి నేలమీద పెట్టాడు. "దీనిమీద చెయ్యేసి చెప్పు."

వాసంతి రెండు చేతులూ వేసింది. "భయపడ్డా సామీ! చానా భయపడ్డా! నా బిడ్డనొదిలెయ్!"

కపాలంలో చలనం లేదు.

"అబద్ధం!" వాడు గర్జించాడు. "నా పుస్తకానికి భయపడాలి!"

"పుస్తకానికి ఎట్టా భయపడేది? నాకున్న భయమంతా నా బిడ్డ కోసమేరా!"

దీపశ్రీ గోళ్ళు నల్లబడుతున్నాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఎంత ఘోరం! ఏ తల్లి చూడగలదు ఆ దృశ్యం?

వాసంతి ఇక వాణ్ణి బతిమాలలేదు. గోడవార బస్తాలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసింది. ఉప్పు కలిపింది. కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈ పాపిష్టోడి దిష్టి... తూ! తూ! తూ!" అంటూ కుంపట్లో పోసింది.

మిరపకాయలు చిటపటలాడి, బొగ్గులా మాడిపోయాయి. ఘాటు రాలేదు! ఎవరికీ ఒక్క తుమ్మన్నా రాలేదు!

శివరామయ్య వికటాట్టహాసం చేశాడు. "చూశావటే! నా ముందు నీ మిరపకాయలు కూడా చచ్చాయి!"

వాసంతికి సంగతి తెలిసిపోయింది. ఘాటు రాలేదంటే దిష్టి తగిలింది నిజమేనని, అదంతా మిరపకాయల్లోకి దిగిందని పల్నాడులో పాలుతాగే పిల్లకైనా తెలుసు. తాళపత్రాలు నమిలి మింగిన శివరామయ్యకు తెలియదు. పొయ్యి దగ్గర ఆడవాళ్ళు చేసేది కూడా ఒక విద్యేనని వాడు ఏనాడూ అనుకోలేదు.

ఆవిడ చెయ్యి పట్టి మళ్ళీ కపాలం దగ్గరికి లాగడానికి వాడు కుంపటి మీదుగా కాలెత్తాడు.

"ఒరేయ్, దాటమాక! దిష్టి తీసింది దాటితే నీకే తగులుద్ది!"

శత్రువుకైనా ఉన్నమాటే చెప్పే మనిషి ఆవిడ! వింటేగా వాడు!

"నువ్వా నాకు తప్పులు చెప్పేది?" అంటూ దాటాడు.

మరుక్షణం... అరికాలి నుంచి ఎర్రటి గీత ఒకటి సర్రున పైకి పాకింది! వాడు పంపిన క్షుద్రమే వాడి నరాల్లో తిరగబడింది! కళ్ళలోంచి, చెవుల్లోంచి పొగ! "ఆ...ఆ...ఆ..." తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది భయమూ ఒక్కసారిగా వాడి ముఖంలోకి ఎక్కింది! కపాలం ఫెటిల్లున పగిలింది. శివరామయ్య నిలబడ్డచోట గుప్పెడు మసి మిగిలింది.

అప్పుడొచ్చింది ఘాటు!

ఇల్లంతా కమ్మేసింది. వాసంతి కళ్ళూ ముక్కూ ఏకధారగా కారిపోతున్నాయి. ఆ పొగలోంచి చిన్న దగ్గు... ఆ వెంటనే ఇంకో దగ్గు... సొంతగొంతుతో!

"అమ్మా, చస్తున్నానే! తలుపులు తియ్యవే!"

వాసంతి తలుపులు తియ్యలేదు. కూతుర్ని గుండెలకు హత్తుకుని భోరుమంది.

"దగ్గు తల్లీ! ఇంకా దగ్గు!"