ఎనిఫా వంతు

మా ఐసీయూలో ఉన్నవి మూడే వెంటిలేటర్లు. ఎవరిని ఎప్పుడు వాటి మీంచి దించొచ్చో ముందే పసిగట్టాలి. గొంతులో ఉన్న గొట్టాన్ని మిషన్ నుంచి విడదీసి, రోగిని అరగంట సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చి, నిమిషానికెన్నో లెక్కపెడతాం. ముప్ఫై ఐదు దాటితే ఇంకా సిద్ధంగా లేనట్టే.

ఫలేసిని దించాలనుకున్న మధ్యాహ్నం ములాంజే కొండ మీంచి వాన దిగింది. పైన రేకుల మీద ఒకటే మోత. వార్డంతా స్పిరిట్ వాసన, తడిమట్టి వాసన.

పన్నెండు రోజుల కిందట తేయాకు తోటల దగ్గర మినీబస్సు బోల్తాపడితే కవలలిద్దర్నీ మోసుకొచ్చారు. ఖాళీగా ఉన్నది ఒక్క మిషనే. ఫలేసికి పెట్టాం. అక్క ఎనిఫాకి నేనే వరండాలో గంటన్నర చేత్తో ఊపిరందించే గాలిసంచి నొక్కుతూ కూర్చున్నాను. దక్కలేదు.

"పక్క వార్డులో ఉందని చెప్పు తల్లీ," అంటూ వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. ఫలేసికి అలాగే చెప్పాను.

గొట్టం విడదీశాం. ఆమె రొమ్ము మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. పద్దెనిమిది. పక్కన జియోనే ఉంది, నాకంటే పదేళ్లు పెద్ద నర్సు. గొట్టం చివర చెవి పెట్టి విని, ముప్ఫై ఆరంది.

"వాన చినుకులు కూడా కలిపేశావేమో అక్కా."

"వేళాకోళం చాలించు. నువ్వే విను."

విన్నాను. రొమ్ము లేచినప్పుడు ఒక ఊపిరి. అది దిగాక... రొమ్ము కదలకుండానే... ఇంకొకటి.

డాక్టర్ చిపెటా తనూ చెయ్యి వేసి చూశాడు. "పద్దెనిమిదే. దించెయ్యండి. అవతల ధనుర్వాతంతో బాలింత ఎదురుచూస్తోంది."

జియోనే నా వైపు చూసింది. నేను డాక్టరు లెక్కకే తలూపాను.

గొట్టం తీసి ఆక్సిజన్ మాస్కు పెట్టాం. మిషన్ బాలింత దగ్గరికి వెళ్లిపోయింది. ఫలేసి గంటసేపు బాగానే ఉంది. తర్వాత ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. గోళ్లు నీలం తిరిగాయి.

"ఊపిరి తీసుకో ఫలేసీ!"

"ఆగు..." బొంగురు గొంతు. "ఇది అక్క వంతు."

ఆమె చెవి దగ్గరికి వంగి నిజం చెప్పేశాను. "అక్క లేదమ్మా. ఆ రోజే పోయింది. ఇక అన్నీ నీ వంతులే. తీసుకో..."

"తెలుసు." కళ్ల చివర నీళ్లు. "తనకి మిషన్ ఇవ్వలేదుగా మీరు. అందుకే... ఒకటి నాకు, ఒకటి తనకి."

తర్వాత ఊపిరి ఆగిపోయింది. మాస్కు మార్చి, గాలిసంచి తగిలించి నొక్కాను. నలభై నిమిషాలు. చేతులు తిమ్మిరెక్కాయి. డాక్టరు నా భుజం తట్టి, గడియారం చూసి, పోయిన టైము చెప్పాడు. సంచి విడదీశాను. మాస్కు ఆమె ముఖం మీదే ఉండిపోయింది.

వాళ్లమ్మని లోపలికి పిలిచాం. ఆమె ఏడవలేదు. కూతురి రొమ్ము మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఏ కదలికా లేదు. వాన కూడా ఆగింది.

అప్పుడు మాస్కు లోపల ఆవిరి పట్టింది. మెల్లగా కరిగింది. మళ్లీ పట్టింది...

మేమెవరమూ కదల్లేదు. తల్లి మాత్రం ముందుకి వంగి, గుసగుసగా అడిగింది.

"ఎవరమ్మా... మీ ఇద్దరిలో?"